నా చేతుల ఎగ్జిమా వేరు, మా పాప ఎగ్జిమా వేరు

మా ఇంట్లో ఎగ్జిమా, అంటే చర్మం ఎర్రబడి దురద పెట్టే జబ్బు, ఇద్దరికి ఉంది, నాకూ మా పాపకూ. పేరు ఒకటే కదా అని చాలాకాలం ఒకే ట్యూబు ఇద్దరం రాసుకున్నాం. తప్పంతా అక్కడే జరిగింది.

పాపది అటోపిక్ డెర్మటైటిస్ అనే రకం. నెలల పిల్లప్పుడు బుగ్గల మీద ఎర్రగా మొదలై, కాస్త పెద్దయ్యాక మోచేతి మడతల్లోకి, మోకాళ్ల వెనక్కి దిగింది. ఇంట్లో ఎవరికైనా ఆస్తమా, అలర్జీ తుమ్ములు ఉంటే పిల్లలకు ఇది వచ్చే అవకాశం ఎక్కువ. తేమను పట్టి ఉంచే చర్మపు పైపొర బలహీనంగా ఉంటుంది కాబట్టి చెమట, ఉన్ని బట్ట, సువాసన సబ్బు, పొడిగాలి, ఏదైనా చాలు రేగడానికి.

నాకు అరచేతుల వెనకవైపు చర్మం పగిలేది. గిన్నెల సబ్బు పడట్లేదనుకుని రబ్బరు గ్లౌజులు కొన్నాను. ఇంకా ఎక్కువైంది. ఒకరోజు గ్లౌజు తీసి చూస్తే, మణికట్టు దగ్గర దాని అంచు ఎక్కడ ఆగిందో ఎరుపు కూడా గీత గీసినట్టు అక్కడే ఆగింది. డాక్టరు ప్యాచ్ టెస్టు చేయించారు. వీపు మీద చిన్న పట్టీలు అంటించి 48 గంటలు తడవనివ్వలేదు. తీసినప్పుడు ఒకసారి, రెండు రోజులాగి మరోసారి చూశారు. రబ్బరు తయారీలో కలిపే రసాయనం ఉన్నచోట దద్దు లేచింది. ఇప్పుడు లోపల నూలు గ్లౌజు, పైన వినైల్ గ్లౌజు వేసుకుంటున్నాను.

అందుకే మీకు చెప్పేది: ఈరోజు దురద పుడితే ఈరోజు ముట్టుకున్నదాన్నే అనుమానించకండి. కాంటాక్ట్ అలర్జీ, అంటే నాలాగా చర్మానికి తగిలిన వస్తువు పడక వచ్చేది, చాలాసార్లు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా బయటపడుతుంది. చిన్న నోట్‌బుక్ పెట్టుకుని, రేగిన రోజు నుంచి రెండు రోజులు వెనక్కి వెళ్లి రాయండి: కొత్త హెయిర్ డై, క్రీము, వాచీ బకిల్, జీన్స్ గుండీ. లోహపు వస్తువుల్లో నికెల్ చాలామందికి పడదు.

మచ్చ ఎక్కడుందో చూసినా చాలా తెలుస్తుంది. తలలో, కనుబొమల్లో, ముక్కు పక్కల జిడ్డు పొట్టు రాలితే సెబోరిక్ రకం కావచ్చు, దానికి యాంటీఫంగల్ షాంపూ పనిచేస్తుంది. వేళ్ల పక్కల, అరచేతుల్లో సగ్గుబియ్యం గింజల్లాంటి నీటి పొక్కులు వస్తే డిస్‌హైడ్రోటిక్. చెమట, టెన్షన్ దాన్ని రేపుతాయి. కాళ్లు వాచి, చీలమండల దగ్గర చర్మం నల్లబడుతుంటే సమస్య రక్తనాళాలది, ఒట్టి క్రీముతో పోదు. నాణెంలా గుండ్రంగా వచ్చే రకంతో మాత్రం జాగ్రత్త, ఫంగస్ మచ్చ కూడా గుండ్రంగానే ఉంటుంది. మనం తామర అనే మాటను ఫంగస్‌కీ ఎగ్జిమాకీ రెండింటికీ వాడేస్తాం. ఫంగస్ మీద స్టెరాయిడ్ క్రీము (ఎరుపు, దురద తగ్గించే మందు) రాస్తే పైకి తగ్గినట్టే ఉండి లోలోపల పాకుతుంది. డాక్టరుకు చూపించకుండా రాయకండి.

రోజువారీ పని మాత్రం దాదాపు అందరికీ ఒకటే. గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాల్లోపు స్నానం, తువ్వాలుతో రుద్దకుండా అద్దడం, ఒళ్లు ఇంకా తడి తడిగా ఉండగానే వాసన లేని చిక్కటి మాయిశ్చరైజర్. మా పాపకు ఇదే సగం మందు. డాక్టరు స్టెరాయిడ్ ఇస్తే భయపడి మానేయకండి, ఇష్టమొచ్చినంతా పూయకండి. పెద్దవాళ్ల చూపుడు వేలి చివర నుంచి మొదటి గీత దాకా పిండితే, వేళ్లతో సహా పెద్దవాళ్ల రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. ఎన్ని రోజులన్నది డాక్టరే చెప్పాలి. రాత్రి దురదకు గోకడం బదులు తడిగుడ్డ వేయండి, పిల్లల గోళ్లు పొట్టిగా కత్తిరించండి. ఊరికే అనుమానంతో పిల్లలకు పాలు, గుడ్లు మాన్పించకండి, ఎదుగుదల దెబ్బతినవచ్చు.

పసుపు రంగు చెక్కు కట్టినా, చీము పట్టినా ఇన్ఫెక్షన్ అని అర్థం, డాక్టరుకు చూపించండి. జ్వరంతో పాటు గుచ్చినట్టు ఒకేలాంటి చిన్న పుండ్లు గుంపుగా లేచి నొప్పి పెడుతుంటే అది హెర్పిస్ వైరస్ కావచ్చు. తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.