సర్వర్ మార్చే రాత్రి లాగిన్ ఎర్రర్ వస్తే తలుపులన్నీ తెరవకండి

2017 జనవరిలో ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న మోంగోడీబీ డేటాబేస్‌లు వేల సంఖ్యలో ఖాళీ అయిపోయాయి. డేటా చెరిపేసి, బిట్‌కాయిన్ పంపమని చీటీ వదిలి పోయారు. పాస్‌వర్డే లేని చోట పగలగొట్టడానికి ఏముంటుంది? సర్వర్ మార్చే రాత్రి ఒక లాగిన్ ఎర్రర్‌కి కంగారుపడి, "ప్రస్తుతానికి" అని అన్నీ తెరిచేస్తే మీ సర్వర్ కూడా ఆ వరసలో చేరుతుంది.

స్పెల్లింగ్ చూసుకోండి, సర్వీస్ ఆన్‌లో ఉందా చూడండి లాంటివి మళ్లీ చెప్పను.

చేరలేదా, చేరాక కాదందా?

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఎర్రర్ నంబర్ 2003 అంటే సర్వర్ దాకా చేరలేదు. 3306 పోర్టు, బైండ్ అడ్రస్ (సర్వర్ ఏ అడ్రస్‌లో వింటుందో), ఫైర్‌వాల్ చూడండి. 1045 అంటే చేరింది, సర్వరే కాదంది. దానికి ఫైర్‌వాల్ ఆపడం శుద్ధ దండగ. ఖాతా 'లోకల్‌హోస్ట్'కే, అంటే ఆ సర్వర్ మెషీన్‌కే ఉండి, అప్లికేషన్ ఇంకో మెషీన్ నుంచి వస్తోందేమో చూడండి. అలాగైతే ఆ ఐపీకి ఖాతా ఇవ్వండి. '%' పెట్టొద్దు, అది ఏ మెషీన్ నుంచైనా రానిస్తుంది.

మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 18456 (లాగిన్ కుదరలేదు) ఇస్తే క్లయింట్‌లో కనిపించే స్టేట్ (కారణం చెప్పే నంబర్) 1ని నమ్మకండి. అసలు కారణం కావాలనే దాచి అలా చూపిస్తుంది. సర్వర్‌లోని ఎర్రర్‌లాగ్ తెరవండి. అందులో స్టేట్ 5 అయితే ఆ పేరే లేదు, 8 అయితే పాస్‌వర్డ్ తప్పు, 58 అయితే సర్వర్ విండోస్ లాగిన్‌లనే ఒప్పుకుంటోంది. 38 అయితే లాగిన్ బాగానే ఉంది, అడిగిన డేటాబేస్ తెరుచుకోలేదు. బ్యాకప్‌ని కొత్త సర్వర్‌లో రీస్టోర్ చేశాక 38 వచ్చిందంటే డేటాబేస్‌లోని యూజర్‌కీ సర్వర్‌లోని లాగిన్‌కీ ఎస్‌ఐడీ (లోపలి గుర్తింపు నంబర్) కలవలేదేమో చూడండి. 'ఆల్టర్ యూజర్'తో వాటిని కలిపితే చాలు. దీనికి సిస్‌అడ్మిన్ హక్కు (సర్వర్ మీద పూర్తి అధికారం) ఇచ్చేవాళ్లున్నారు, అదీ తలుపు తెరవడమే.

పోస్ట్‌గ్రెస్‌లో 'ట్రస్ట్'

ఎవరు ఎక్కణ్నుంచి ఎలా లాగిన్ కావచ్చో రాసే హెచ్‌బీఏ ఫైల్‌ని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పైనుంచి కిందికి చదివి, మొదట కలిసిన వరుస దగ్గరే ఆగిపోతుంది. అక్కడ కాదంటే కింది వరుసకి పోదు. అందుకే పైన 0.0.0.0/0కి, అంటే ఏ ఐపీ అడ్రస్‌కైనా, ట్రస్ట్ అని రాస్తే అంతా పనిచేసినట్టే కనిపిస్తుంది. నిజానికి అప్పుడు పాస్‌వర్డ్ ఎవరూ అడగట్లేదు. అప్లికేషన్‌లోని తప్పు పాస్‌వర్డ్ అలాగే దాక్కుంటుంది, ఆ వరుస తీసిన రోజు బయటపడుతుంది. ఆ భయంతోనే ఎవరూ తీయరు. ప్రస్తుతానికి అని తెరిచింది ఎవరూ మూయరు.

ఇక మిగతావి.

ఎర్రర్ నంబర్ రాసుకోకుండా ఏ సెట్టింగూ ముట్టుకోవద్దు.

హెచ్‌బీఏ మార్చేముందు ఒక అడ్మిన్ సెషన్ తెరిచే ఉంచండి. మార్చాక రీలోడ్ చేయండి.

మైఎస్‌క్యూఎల్‌లో 1129 (ఆ హోస్ట్ బ్లాక్ అయింది) వస్తే పాస్‌వర్డ్ మార్చకండి. లోడ్ బ్యాలెన్సర్ (కనెక్షన్లని సర్వర్లకి పంచేది) పోర్టు తట్టి మధ్యలో వదిలేస్తున్నా హోస్ట్ బ్లాక్ అవుతుంది.

మైఎస్‌క్యూఎల్‌లో 1040 (కనెక్షన్లు మరీ ఎక్కువయ్యాయి) వస్తే కనెక్షన్లు మూయని కోడ్ ఎక్కడుందో ముందు వెతకండి. డిఫాల్ట్ పరిమితి 151. పెంచడం తర్వాత.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అన్ని హక్కులూ ఉండే 'ఎస్‌ఏ' ఖాతాని అప్లికేషన్‌కి ఇవ్వొద్దు. ఒక్క రాత్రికైనా సరే.

మైఎస్‌క్యూఎల్‌లో పాస్‌వర్డ్, హక్కుల తనిఖీ ఆపేసే స్కిప్ గ్రాంట్ టేబుల్స్ పెట్టారా? పని కాగానే తీసి రీస్టార్ట్ చేయండి. మైఎస్‌క్యూఎల్ 8.0లో అది పెడితే బయటి కనెక్షన్లు వాటంతటవే ఆగుతాయి, పాతవాటిలో ఆగవు.

తెరిచిన ప్రతిదీ, తెరిచిన టైముతో సహా, రాసి పెట్టండి.

చివర్లో బయటి నెట్‌వర్క్ నుంచి 1433 (ఎస్‌క్యూఎల్ సర్వర్), 3306 (మైఎస్‌క్యూఎల్), 5432 (పోస్ట్‌గ్రెస్) పోర్టులు తట్టి చూడండి. ఒక్కటి పలికినా పని అయిపోలేదు, లేవకండి.