బ్లూగ్రాస్ మాండొలిన్ పాఠాలు – 4వ భాగం: కుడిచేతి లెక్క

కిందటి భాగాల్లో తీగలు (జి, డి, ఎ, ఇ జంటలు) శ్రుతి చేసుకోవడం, జి మేజర్ స్కేలు, నాలుగు కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) అయ్యాయి. అవి పూర్తిగా పట్టుబడకపోయినా ఫర్వాలేదు, ఈ భాగంలో ఎడమచేతికి పెద్దగా పని లేదు.

మాండొలిన్ అనగానే మనకు గుర్తొచ్చేది పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. ఆయన వాయించింది ఎలక్ట్రిక్ మాండొలిన్. జంట తీగలు తీసేసి, ఐదు ఒంటి తీగలు పెట్టించుకున్నారు. ఒక్కసారి మీటి, ఎడమచేత్తో జారుతూ ఆ స్వరాన్ని గమకాలతో సాగదీసేవారు. బ్లూగ్రాస్ అనే ఈ అమెరికన్ జానపద శైలి సంగీతంలో ఆ వెసులుబాటు లేదు. జంట తీగల అకూస్టిక్ వాద్యంలో స్వరం పుట్టగానే సన్నబడిపోతుంది, దాన్ని నిలబెట్టే యాంప్లిఫయర్ కూడా ఉండదు. పక్కన బాంజో హోరు ఒకటి. కాబట్టి నాదమైనా లయైనా కుడిచెయ్యి మీటే తీరులోంచే రావాలి. ఈ సంగీతానికి ఆద్యుడైన బిల్ మన్రో వాయించిన గిబ్సన్ ఎఫ్-5 గొప్ప వాద్యమే, 1923 జులై 9 తేదీతో గిబ్సన్ కంపెనీ ఇంజనీరు లాయిడ్ లోర్ సంతకం ఉన్నది. అయినా పాత రికార్డింగుల్లో మీరు ముందు వినేది ఆయన మణికట్టునే.

ముందు పిక్, అంటే తీగలు మీటే చిన్న బిళ్ల సంగతి. పల్చటి గిటార్ పిక్‌లు పక్కన పెట్టేయండి. అవి తీగకు తగలగానే వంగిపోతాయి, శబ్దం టపటపమంటుంది. 1.2 నుంచి 1.5 మిల్లీమీటర్ల మందం, కాస్త గుండ్రటి మూల ఉన్నది తీసుకోండి. మడిచిన చూపుడువేలి పక్కభాగం మీద పిక్ పెట్టి, పైన బొటనవేలు ఆనించండి. పిక్ జారిపోకుండా ఉంటే చాలు, అంతకుమించి నొక్కితే మణికట్టు బిగుసుకుంటుంది. ఎక్కడ మీటాలో చెవితోనే తేల్చుకోవాలి. బ్రిడ్జి (పలక మీద తీగల్ని ఎత్తిపట్టే చెక్కముక్క) దగ్గర మీటితే రేకు డబ్బా మోత, మెట్ల చివరికి వస్తే గుండ్రటి నాదం. మొదట్లో ఆ రెంటికీ మధ్యన, మెట్లవైపుకి కొంచెం జరిగి వాయించండి. కొన్ని వాద్యాల్లో మెట్లపలక చివర పిక్‌కు తగిలి టిక్కుమంటుంది. దాన్ని చెక్కించేసుకునేవాళ్లూ ఉన్నారు. మీరు అప్పుడే ఆ పనికి దిగకండి.

నాదంలో అసలు చిక్కు జంట తీగలతోనే. కిందికి మీటినప్పుడు రెండు తీగలూ పలుకుతాయి. పైకి మీటినప్పుడు చాలామందికి ఒకటే తగులుతుంది, అందుకే ఒక స్వరం లావుగా, తర్వాతది పీలగా వస్తుంది. ఎ తీగను ఖాళీగా వదిలి, నెమ్మదిగా కిందికీ పైకీ మీటుతూ ఫోన్‌లో రికార్డు చేయండి. వింటుంటే ఏది కింది మీటో, ఏది పై మీటో తెలిసిపోతోందా? అయితే పై మీటుకి పిక్ ఇంకాస్త లోతుగా వెళ్లాలి. బలం పెంచొద్దు, లోతు పెంచండి. ఒక వారం ఈ ఒక్క తీగ మీదే గడిపినా నష్టం లేదు.

ఇక లయ. కొన్నాళ్లు సంగీతం క్లాసుకి వెళ్లినవాళ్లకి ఇక్కడ కలిసొస్తుంది. ఒక బార్‌లో, అంటే ఒక ఆవర్తం లాంటి దాంట్లో, ఎనిమిది చిన్న భాగాలుంటాయి, వాటిని తకధిమి తకఝణు అనుకోండి. త, ధి, త, ఝ – ఈ నాలుగూ ఎప్పుడూ కింది మీటు. క, మి, క, ణు – ఎప్పుడూ పై మీటు. స్వరం లేని చోట కూడా చెయ్యి ఆగదు, తీగకు తగలకుండా గాల్లో కదులుతుంది. ఉదాహరణకు ‘త – ధి మి’ అని వాయించాలంటే: కిందికి, గాల్లో పైకి, కిందికి, పైకి. ‘త క – మి’ అయితే: కిందికి, పైకి, గాల్లో కిందికి, పైకి. ఈ రెండోదాంట్లో వరసగా రెండు పై మీట్లు పడతాయి. చేతికి అది అసహజంగా తోచి, రెండోదాన్ని కిందికి మార్చేస్తుంది. అక్కడే లయ తప్పుతుంది, మీకు తెలియను కూడా తెలియదు. ఈ నియమాన్ని కావాలని పక్కన పెట్టే సందర్భాలూ ఉన్నాయి. మన్రో శైలిలో వరస కింది మీట్లు ధారాళంగా వినిపిస్తాయి. దాని గురించి రాబోయే భాగాల్లో చూద్దాం.

దీన్ని స్కేలు మీద పెడదాం. జి ఖాళీ తీగని షడ్జం అనుకుంటే జి మేజర్ మన శంకరాభరణమే: జి తీగ మీద 0, 2, 4, 5 మెట్లు సరిగమ, డి తీగ మీద మళ్లీ 0, 2, 4, 5 పదనిస. ఎనిమిది స్వరాలు, ఎనిమిది అక్షరాలు. తీగ మారే చోట ‘త’ పడుతుంది, కింది మీటు కాబట్టి సులువు. ఇప్పుడు అదే స్కేలుని రిషభం నుంచి మొదలుపెట్టి పైరిషభం దాకా, అంటే ఎ ఖాళీ తీగ దాకా వాయించండి. తీగ మారే రెండు చోట్లా పై మీటు వస్తుంది. పిక్ కొత్త తీగను దాటి అవతలికి వెళ్లి, వెనక్కి తిరిగి మీటాలి. వేగం పెరిగాక చేతులు తడబడేది ఎక్కువగా ఇక్కడే. స్కేలు వస్తుంది కదా అని దీన్ని దాటేయకండి.

తర్వాత చాప్. సంప్రదాయ బ్లూగ్రాస్ బృందంలో డ్రమ్స్ ఉండవు. మంద్రంగా పలికే పెద్ద తీగవాద్యం బాస్ ఒకటో, మూడో దెబ్బల మీద పడితే, మాండొలిన్ రెండు, నాలుగు మీద ‘చక్’మంటుంది. మన అక్షరాల్లో చెప్పాలంటే బాస్‌ది రెండు ‘త’లూ, మనది ‘ధి’, ‘ఝ’. జి కార్డుకి: జి తీగ 7వ మెట్టు చిటికెనవేలు, డి తీగ 5 ఉంగరపువేలు, ఎ తీగ 2 చూపుడువేలు, ఇ తీగ 3 మధ్యవేలు. ఇదే ఆకారాన్ని రెండు మెట్లు పైకి జరిపితే ఎ కార్డు. చిటికెనవేలు అందకపోతే కొన్నాళ్లు జి తీగని వదిలేసి మిగతా మూడే వాయించండి. తడి చెయ్యి విదిలించినట్టు మణికట్టుతో ఒక్కసారి కిందికి కొట్టండి. శబ్దం రాగానే ఎడమచేతి వేళ్లు పట్టు సడలించాలి, కానీ తీగల మీంచి లేవకూడదు. లేస్తే ఖాళీ తీగలు మోగుతాయి, సడలించకపోతే కార్డు సాగుతుంది. పైన ఎడమచేతికి పని లేదన్నాను కదా, ఈ ఒక్కచోట మాత్రం ఉంది.

చిన్నప్పటి నుంచి సమం మీద తాళం వేసే అలవాటున్నవాళ్లకి చాప్ మొదట్లో తలకిందులుగా అనిపిస్తుంది. దానికి మందు మెట్రొనోమ్, అంటే సమానమైన వేగంతో టిక్కుమనే యంత్రం. నిమిషానికి 40 టిక్కులకి పెట్టండి. టిక్కు వినగానే ఒకటి అనకండి, దాన్ని ‘ధి’ అనుకోండి, తర్వాతి టిక్కు ‘ఝ’. రెండు ‘త’లూ నిశ్శబ్దంలో మీరే వేసుకోవాలి. కాసేపటికి టిక్కు ‘త’ మీదకి జారిపోతుంది, అందరికీ జారుతుంది. ఆపి, నోటితో తకధిమి తకఝణు అంటూ మళ్లీ టిక్కుని పట్టుకోండి. నోటితో కుదిరాక చాప్, చాప్ కుదిరాక స్కేలు. ఈ లెక్కలో వేగమైన పాటలు 120 కూడా దాటుతాయి. మనకి ఈ నెలకి 60 చాలు. వారానికి నాలుగైదు అంకెలకు మించి పెంచొద్దు.

నలుగురూ కలిసి వాయించుకునే జామ్‌లకు వెళ్లే వీలున్నవాళ్లకి ఒక మాట. ఎవరైనా పాడుతున్నప్పుడు, సోలో వాయిస్తున్నప్పుడు మన పని చాప్ మాత్రమే, అదీ వాళ్ల గొంతు మునగకుండా. పక్కన ఇంకో మాండొలిన్ అప్పటికే చాప్ కొడుతుంటే మీరు ఆపేయండి.

5వ భాగంలో ట్రెమొలో, అంటే ఒకే స్వరాన్ని కిందికీ పైకీ వేగంగా మీటుతూ సాగదీయడం. అప్పటికి రిషభం నుంచి మొదలయ్యే స్కేలుని 60 దగ్గర, టిక్కు ‘ధి’, ‘ఝ’ల మీద ఉంచి, తడబడకుండా నాలుగుసార్లు వాయించగలగాలి.