వేసవి ప్రయాణానికి ముందు: పంచరైన టైరు ఉంచాలా, మార్చాలా?

ఏప్రిల్, మే నెలల్లో పెళ్లిళ్లు, పిల్లల సెలవులు, తిరుపతి మొక్కులు అన్నీ ఒకేసారి వస్తాయి. కారు నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల గాలే 45 డిగ్రీలకు చేరే రోజులుంటాయి, తారు రోడ్డు అంతకన్నా ఎక్కువ కాలుతుంది. అలాంటి రోడ్డు మీద గంటల తరబడి వంద స్పీడులో పరుగెత్తాల్సిన టైర్లలో ఒకదానికి ఎప్పుడో వేయించిన పంచర్ ఉంటే, దాన్ని విప్పించి చూడకుండా బయల్దేరకండి. ఆ టైరు ఉంచుకోవచ్చా, మార్చాలా అన్నది బయట నుంచి చూసి తేల్చే విషయం కాదు. డిస్క్ నుంచి టైరు తీసి లోపల చూస్తేనే తెలుస్తుంది.

మన దగ్గర ట్యూబ్‌లెస్ పంచర్ అంటే చాలా చోట్ల స్ట్రిప్ వేయడమే. మేకు లాగేసి, గరుకు సూదితో రంధ్రాన్ని గీకి, జిగురు పూసిన స్ట్రిప్‌ను లోపలికి తోసి, బయట మిగిలిన ముక్క కోసేస్తారు. పది నిమిషాల్లో పని అయిపోతుంది. దారిలో చిక్కుకున్నవాళ్లకి అది పెద్ద సాయమే. కానీ అది ఊరు చేరడానికి చేసుకునే ఏర్పాటు మాత్రమే. టైరు లోపల ఏం దెబ్బ తగిలిందో ఎవరూ చూడలేదు. రంధ్రం పూర్తిగా మూసుకోకపోతే వానల్లో నీళ్లు దిగి, ట్రెడ్ (రోడ్డుకి ఆనే మందపాటి రబ్బరు) కింద ఉండే స్టీలు తీగలు తుప్పు పడతాయి. బయటికి ఏమీ కనిపించదు. ఎండాకాలంలో పొరలు ఊడినప్పుడు బయటపడుతుంది.

సరైన రిపేరు లోపల నుంచి జరగాలి. దీన్ని షాపుల్లో మష్రూమ్ పంచర్ అంటారు. టైరు విప్పి, లోపలి వైపు రాపిడి చేసి శుభ్రం చేసి, గొడుగులా ఉండే ప్యాచ్ కాడను రంధ్రంలోంచి బయటికి లాగి అతికిస్తారు. కాడ వల్ల నీళ్లు లోపలికి దిగవు, తల వల్ల గాలి బయటికి పోదు. స్ట్రిప్ కన్నా కొన్ని రెట్లు ఖర్చవుతుంది, తర్వాత బ్యాలెన్సింగ్ కూడా చేయించుకోవాలి. కొత్త టైరు ధరతో పోల్చితే ఇది చిన్న మొత్తమే. వెనకాడకండి.

ఇంతకీ ఏ టైరుకి ఈ రిపేరు పనికొస్తుంది? మేకు దిగింది రోడ్డుకి ఆనే మధ్య భాగంలో అయి, రంధ్రం 6 మిల్లీమీటర్లు దాటకుండా ఉంటే ధైర్యంగా చేయించుకోవచ్చు. ట్రెడ్ అంచున, టైరు వంపు తిరిగే చోట పడితే వద్దు. పక్క గోడకి పడితే అసలు వద్దు. చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ గోడ వంగి లేస్తుంది, ట్రెడ్ కింద ఉన్నట్టు అక్కడ స్టీలు బెల్టులు ఉండవు. ఏ ప్యాచ్ వేసినా నిలవదు. ‘వేసేస్తా సార్, ఏం కాదు’ అని ఎవరన్నా సరే, ఒప్పుకోకండి. పక్క గోడ మీద బుడగ లేచినా అంతే, లోపల దారాలు తెగిపోయాయని అర్థం. పాత ప్యాచ్‌కి ఆనుకునో, దాని మీదకు వచ్చేలాగో కొత్త పంచర్ పడినా ఆ టైరు పని అయిపోయినట్టే.

అందరూ మర్చిపోయేది ఒకటుంది: గాలి పోయాక ఎంత దూరం నడిపారు? ‘షాపు దగ్గరే కదా’ అని గాలి లేని టైరు మీదే కారు పోనిస్తారు. అప్పుడు బరువంతా పక్క గోడల మీద పడి, లోపలి రబ్బరు నలిగి పొడి అవుతుంది. విప్పినప్పుడు లోపల నల్లటి పొడి రాలినా, గోడ చుట్టూ వలయంలా అరిగిన గుర్తు కనిపించినా, మేకు రంధ్రం ఎంత చిన్నదైనా టైరు మార్చాల్సిందే. నా దృష్టిలో టైరు విప్పించి చూడమనడానికి అన్నిటికన్నా గట్టి కారణం ఇదే. పని జరుగుతున్నప్పుడు పక్కనే నిలబడి, లోపల మీ కళ్లతో చూడండి.

విప్పారు కాబట్టి వయసు కూడా చూసేయండి. టైరు పక్క గోడ మీద DOT అని మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. ఎండకి గోడల మీద పగుళ్లు వచ్చిన పాత టైరుకి పంచర్ వేయించడం డబ్బు దండగ. ట్రెడ్ లోతు కారుకి కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలని మన చట్టం. గాడుల అడుగున ఉండే చిన్న దిమ్మెలతో ట్రెడ్ సమానమైందంటే ఆ హద్దుకి వచ్చేసినట్టు. మార్చేటప్పుడు ఒకే ఇరుసుకి రెండూ కలిపి మార్చి, కొత్తవి వెనక వేయించడం మేలు. సాధారణ మోటారు పాలసీలో కారుకి దెబ్బ తగలకుండా టైరు ఒక్కటే పాడైతే క్లెయిమ్ రాదు. ఆ ఖర్చు మనదే.

ఇక గాలి. ‘ఎండాకాలం కదా, రెండు పాయింట్లు తగ్గించు’ అనే మాట చాలా మంది నోట వింటుంటాం. దయచేసి నమ్మకండి. గాలి తగ్గితే గోడలు ఎక్కువ వంగుతాయి, వంగినకొద్దీ వేడి పుడుతుంది, ఆ వేడికే టైరు పేలుతుంది. డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కర్ మీద ఉన్న అంకె చల్లటి టైరుకి రాసింది. నడుస్తున్నప్పుడు వేడికి ప్రెషర్ పెరగడం సహజం. అది చూసి దారిలో గాలి తీయించకండి. ఉదయం బయల్దేరకముందే, నిండు బరువుకి చెప్పిన అంకె ప్రకారం కొట్టించండి, స్టెప్నీకి కూడా. 2020లో మారిన నిబంధన వల్ల కొన్ని కొత్త కార్లు స్టెప్నీ లేకుండా రిపేరు కిట్‌తో వస్తున్నాయి. మీ డిక్కీలో ఏముందో ముందే తెరిచి చూడండి.

దారిలో టైరులో మేకు కనిపించి గాలి నిలిచే ఉంటే అక్కడే లాగేయకండి. నెమ్మదిగా టైర్ల షాపు దాకా వెళ్లండి. టైరు పేలితే బ్రేకు గట్టిగా తొక్కవద్దు. స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, వేగం తగ్గాక అంచుకి తీసుకెళ్లండి. మనుషుల్ని రెయిలింగ్ అవతలికి పంపండి. జాతీయ రహదారి మీద అయితే 1033కి ఫోన్ చేయండి. స్టెప్నీ వేసుకున్నాక 50 కిలోమీటర్లు నడిచి నట్లు మరోసారి బిగించి చూడండి. స్టెప్నీ సన్నటి రకమైతే 80 స్పీడు దాటకూడదు. తర్వాతి ఊళ్లో టైరు విప్పే మిషన్ ఉన్న షాపు దగ్గర ఆగి, పంచరైన దాని సంగతి తేల్చుకున్నాకే ముందుకు కదలండి. లేకపోతే ఆ తర్వాతి దారంతా స్టెప్నీ లేకుండా వెళ్లాల్సి వస్తుంది.