నేటి విశేషం రాద్దాం – 4వ పాఠం: తేదీ చెబితే వారం చెప్పడం

బడి ప్రార్థనలో చదివే ‘నేటి విశేషం’ కోసం తేదీలు ఎలా ఏరుకోవాలో ఇంతవరకూ చూశాం. ఇప్పుడు ఆ తేదీకి వారం కడదాం. ఫోన్‌లో క్యాలెండర్ ఉండగా ఈ తంటా ఎందుకంటారా? వాట్సాప్‌లో తిరిగే విశేషాన్ని అక్కడికక్కడే నిలదీయడానికి. పిల్లల పుట్టినరోజులకు వారం చెబితే వచ్చే మర్యాద అదనం.

ముందు నెలల అంకెలు: 033 614 625 035. జనవరికి 0, ఫిబ్రవరికి 3, మార్చికి 3, ఏప్రిల్‌కి 6... అలా డిసెంబరుకి 5. ఫోన్ నంబరులా బట్టీ పట్టండి, వేరే దారి లేదు.

1900ల తేదీ అయితే సంవత్సరంలో చివరి రెండంకెలు, వాటిని 4తో భాగిస్తే వచ్చే భాగఫలం (శేషం వదిలేయండి), నెల అంకె, తేదీ, ఈ నాలుగూ కూడండి. మొత్తాన్ని 7తో భాగించండి. శేషం 0 అయితే ఆదివారం, 1 సోమవారం, చివరికి 6 శనివారం. 365 రోజులంటే 52 వారాల మీద ఒక రోజు కాబట్టి ఏడాదికి ఒక్క రోజు చొప్పున వారం ముందుకు జరుగుతుంది. లీపు సంవత్సరాల అదనపు రోజు కోసమే ఆ 4తో భాగహారం.

మన గుంటూరు తేదీతోనే మొదలుపెడదాం. ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు గుంటూరులో మొదలైంది 1954 జూలై 5న. 54, 13, 6, 5 కలిపితే 78. ఏడు పదకొండ్లు డెబ్బై ఏడు, శేషం 1. సోమవారం.

ఇప్పుడు 1956 నవంబరు 1, ఆంధ్రప్రదేశ్ అవతరణ. 56, 14, 3, 1 కలిపితే 74, శేషం 4, గురువారం. హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏర్పడిన తేదీ మాత్రం నవంబరు 5. కట్టి చూడండి, మళ్లీ అదే 78, మళ్లీ సోమవారమే! కోర్టుల వారం మొదలయ్యేదీ ఆ రోజే కదా. రాష్ట్రం, హైకోర్టు ఒకే రోజున వచ్చాయని రాసేసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. వారం కట్టే అలవాటుంటే ఈ నాలుగు రోజుల తేడా ఊరికే గుర్తుండిపోతుంది.

సవరణలు కొన్నే. 1800ల తేదీకి మొత్తంలో 2 కలపాలి, 2000లకి 1 తీసేయాలి. లీపు సంవత్సరంలో జనవరి, ఫిబ్రవరి తేదీలకు ఇంకో 1 తీసేయాలి. 1900 లీపు కాదు, 2000 లీపు. తొందరపడితే తప్పేది ఇక్కడే. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకునే తేదీ: 1863 ఆగస్టు 29. 63, 15, 2, 29, పైన 2. మొత్తం 111, శేషం 6, శనివారం.

ఒక్క మాట. వారం కుదిరినంత మాత్రాన తేదీ నిజమైపోదు. గుడ్డిగా చెప్పినా ఏడింట ఒకటి తగులుతుంది. కుదరకపోతే మాత్రం ఎక్కడో తేడా ఉన్నట్టే. పాత శాసనాల్లో శక సంవత్సరం, మాసం, తిథితోపాటు వారం కూడా చెక్కి ఉంటే, పరిశోధకులు దాన్ని పట్టుకునే కాలాన్ని సరిచూస్తారు. అయితే అంత పాత తేదీలకు మన సూత్రం పనికిరాదు. ఇంగ్లీషువాళ్లు 1752లో క్యాలెండర్ మార్చుకున్నారు. ఆ ఏడు వాళ్లకు సెప్టెంబరు 2 మర్నాడే 14 వచ్చింది. అంతకు ముందువాటి జోలికి వెళ్లకండి.

ఇంటిపని: బెజవాడలో ఏఐసీసీ (అఖిల భారత కాంగ్రెస్ కమిటీ) సమావేశం మొదలైన 1921 మార్చి 31 (గురువారం రావాలి). విభజన తర్వాత మన హైకోర్టు విడిగా మొదలైన 2019 జనవరి 1 (మంగళవారం). పింగళి వెంకయ్య గారు పుట్టిన 1876 ఆగస్టు 2 (బుధవారం). ఆయన పుట్టిన ఏడాది కొన్నిచోట్ల 1878 అని కూడా కనిపిస్తుంది. దానికీ వారం కట్టి పక్కన రాసి ఉంచండి. ఒకే మనిషికి రెండు పుట్టినరోజులు దొరికితే బోర్డు మీద ఏది రాయాలో 5వ పాఠంలో.