పవర్‌షెల్ స్క్రిప్ట్ అడ్మిన్‌గా రన్ చేసే ముందు

పవర్‌షెల్ స్క్రిప్ట్ అంటే విండోస్‌కి వరసగా కమాండ్లు ఇచ్చే ఫైల్. ఇంట్లో విండోస్ సిస్టమ్‌లో దాన్ని అడ్మిన్‌గా, అంటే సిస్టమ్‌లో ఏదైనా మార్చగలిగే హక్కులతో నడపడానికి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" కొట్టే ముందు ఇవి చూసుకోండి.

– ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో ఓపెన్ చేసి చదవండి, అంతా అర్థం కాకపోయినా పర్లేదు, ఏం డిలీట్ చేస్తోందో నెట్ నుంచి ఏం దించుతోందో కొంతైనా తెలుస్తుంది. పిచ్చి అక్షరాలు పేజీలకి పేజీలు ఉంటే మాత్రం వదిలేయండి.

– నెట్ నుంచి దించి అక్కడికక్కడే రన్ చేసే ఒక్క లైన్ కమాండ్లు ఉంటాయి, చాలావాటికి చివర్లో ఐఈఎక్స్ (iex, అంటే వచ్చినదాన్ని వెంటనే రన్ చెయ్ అని) ఉంటుంది, అవి నేరుగా పేస్ట్ చేయొద్దు, చదివే ఛాన్సే ఉండదు.

– ఇది చాలామంది గమనించరు: అడ్మిన్ పవర్‌షెల్ విండో మామూలుగా విండోస్ సొంత ఫైళ్లుండే సిస్టమ్32 ఫోల్డర్‌లో ఓపెన్ అవుతుంది, స్క్రిప్ట్‌లో పూర్తి పాత్ (ఏ డ్రైవ్, ఏ ఫోల్డర్ అన్నది) ఇవ్వకుండా "ఇక్కడున్నవన్నీ తీసెయ్" అన్నట్టు రాసుంటే అది విండోస్ ఫైళ్ల మీదే పడుతుంది, అందుకే ముందు సీడీ (cd) కమాండ్‌తో మీ ఫోల్డర్‌లోకి వెళ్ళండి.

– ఫొటోలు, సర్టిఫికెట్లు ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేసి డ్రైవ్ తీసేయండి. విండోస్ సెట్టింగుల్ని పాత స్థితికి తెచ్చుకోవడానికి రీస్టోర్ పాయింట్ కూడా పెట్టండి, కానీ పోయిన ఫొటోల్ని అది వెనక్కి తేదు.

– ఎగ్జిక్యూషన్ పాలసీని (స్క్రిప్ట్‌లు రన్ అవ్వనివ్వాలా వద్దా అనే సెట్టింగ్) పర్మనెంట్‌గా మార్చొద్దు, మార్చే కమాండ్‌లో స్కోప్ ప్రాసెస్ (-Scope Process) అని ఇస్తే చాలు, విండో మూయగానే పాత సెట్టింగే ఉంటుంది.

– స్క్రిప్ట్ కోసం యాంటీవైరస్ ఆఫ్ చేయమంటే అక్కడితో ఆపేయండి ప్లీజ్.