డిసెంబరులో గుల్‌మార్గ్ పోయే మన పిల్లలకు

మా అక్క కొడుకు బెంగళూరు స్నేహితులతో డిసెంబరులో గుల్‌మార్గ్ పోతున్నాడు. కాపలా ఉండే దారులు వదిలి అఫర్వాట్ కొండ మీంచి స్కీల మీద దిగాలని వాడి కోరిక. "అప్పటికింకా మంచు తక్కువే కదా మామా, మంచు చరియలేం పడతాయి" అన్నాడు. మిలిటరీలో ఉన్నప్పుడు ఆ కొండల్లో చలికాలాలు గడిపినవాణ్ని, ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మంచు తక్కువ కాబట్టే భయం. అక్టోబరు, నవంబరుల్లో పడిన తొలి మంచు ఎండ తగిలేచోట కరిగిపోతుంది. ఎత్తులో, ఉత్తరం వైపు వాలుల్లో మూరెడు మిగులుతుంది. కింద నేల సున్నా డిగ్రీల దగ్గర ఉంటే పైన రాత్రి గాలి మైనస్ 15. ఆ మూరెడు మందంలోనే అంత తేడా ఉండేసరికి అడుగు నుంచి ఆవిరి పైకి ఎగబాకి, మంచును ఒకదానికొకటి అంటని పలుకులుగా మార్చేస్తుంది. ఎర్రగుంట్ల పక్క నాపరాళ్లు మోసినవాళ్లకు ఇట్టే తెలుస్తుంది: ఏటవాలు నేల మీద జొన్నలు పోసి, పైన కడప బండ పరిచినట్టు. డిసెంబరులో కురిసే పెద్ద మంచు, గాలి మోసుకొచ్చి పేర్చే మంచు, అదే ఆ బండ. మనం దాని మీద కాలు పెడతాం.

ఒకసారి గుల్‌మార్గ్‌కు ఎగువనున్న ఖిలన్‌మార్గ్ పైన నేల తగిలేదాకా మంచు తవ్వాను. పైన రెండు జానల మంచు ఇటుకలా తెగింది. అడుగుది గుప్పిట పడితే ముద్ద కాలేదు, చక్కెరలా వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. పై మంచు జారుతుందో లేదో చూడాలంటే, నాలుగు పక్కలా 30 సెంటీమీటర్లు ఉండేట్టు మంచు స్తంభం కోసి, దాని మీద పార ఆనించి, మణికట్టు ఆడిస్తూ 10 దెబ్బలు, మోచేతితో 10, భుజం నుంచి 10 కొట్టాలి. నాలుగో దెబ్బకే పై బండంతా సొరుగు లాగినట్టు నా ఒళ్లోకొచ్చింది. వెనక్కి తిరిగాం. అట్లని ఒక గుంతలో గట్టిగా ఉంటే కొండంతా గట్టిదనుకోవద్దు.

30 నుంచి 45 డిగ్రీల వాలులు, వాటి కిందుగా పోయే దారులు కూడా, ఈ నెలల్లో వదిలేయండి. వాలు కొలిచే యాప్ ఫోన్‌లోనే దొరుకుతుంది. చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ ఇచ్చే మంచు చరియల హెచ్చరిక పొద్దున్నే చూడండి. కాళ్ల కింద 'ధుమ్' మని మంచు కుంగినా, స్కీల ముందు పగులు పరుగెత్తినా ఇంకో అడుగు వేయొద్దు. చిన్న చరియ అయినా సరే, ఈ కాలంలో రాళ్లు పైపైనే ఉంటాయి, వాటి మీద ఈడ్చుకుపోతుంది. హెల్మెట్ తప్పనిసరి. ఒకరు దిగి పక్కకు చేరాకే ఇంకొకరు.

బీకన్ (మంచులో పూడినా సిగ్నల్‌తో జాడ చెప్పే చిన్న పరికరం), మంచులోకి గుచ్చి వెతికే పొడుగు ప్రోబ్ కడ్డీ, పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. పూడిపోయిన మనిషిని 10, 15 నిమిషాల్లో తీయాలి, ఆపైన బతికే ఆశ గబగబా తగ్గిపోతుంది. తీయాల్సింది పక్కనున్న స్నేహితులే.

అందుకే ప్రొద్దుటూరులో మా మిద్దె వెనక ఇసుక కుప్పలో ఒక బీకన్ పూడ్చి, వాడి చేత వెతికించాను. మొదటిసారి 11 నిమిషాలు పట్టింది. ఏడోసారికి నాలుగు. వచ్చే ఆదివారం వాడి స్నేహితులనూ రమ్మన్నాను.