ఫొటో చూసి కాదు, జీఎస్ఎం చూసి కొనండి

ఆన్‌లైన్‌లో బట్టలు కొనేటప్పుడు నేను ఫొటోల కంటే ముందు కిందనున్న వివరాల్లోకి వెళ్తాను. అక్కడ జీఎస్ఎం అని ఒక అంకె ఉంటుంది. చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పేది అదే. టీషర్ట్‌కి 140 – 150 ఉంటే పల్చగా, ఎండాకాలానికి హాయిగా ఉంటుంది. 180 దాటితే కాస్త మందం, 220 పైన ఉంటే బరువే. తెల్లదైతే మాత్రం 180కి తక్కువ నేను తీసుకోను, లోపలి బనియన్ కనిపిస్తుంది! అంకె ఎక్కువైనంత మాత్రాన బట్ట మంచిదని కాదు, అది బరువు లెక్క మాత్రమే.

తర్వాత చూడాల్సింది దేంతో నేశారన్నది. "కాటన్ ఫీల్", "కాటన్ బ్లెండ్", "సిల్కీ" లాంటి మాటలకు పడిపోకండి. "బ్లెండ్" అని రాసి శాతం చెప్పలేదంటే అందులో పాలిస్టరే ఎక్కువేమోనని నాకు అనుమానం. "ఆర్ట్ సిల్క్" అంటే కళాత్మకమైన పట్టు కాదండోయ్, ఆర్టిఫిషియల్ సిల్క్. రేయాన్ మెత్తగా జారుతూ బావుంటుంది కానీ తడిస్తే బలం తగ్గుతుంది, గట్టిగా పిండకూడదు.

రివ్యూల్లో అయిదు స్టార్లవి వదిలేసి మూడు స్టార్లవి చదవండి. "రెండు ఉతుకులకే ఉండలు కట్టింది" లాంటి నిజాలు అక్కడే దొరుకుతాయి.

పార్సిల్ రాగానే ట్యాగ్ తీయకుండా బట్టను వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. నేత ఒకచోట చిక్కగా, ఒకచోట పల్చగా ఉంటే వెంటనే రిటర్న్ పెట్టేయండి.